అమెరికాలో కూరగాయల సాగు: కలుపుకి అల్లిస్-చామర్స్ జి కొనాలా, ఫార్మాల్ కబ్ కొనాలా?

గోంగూర_తోట | బక్స్ కౌంటీ, పెన్సిల్వేనియా

అందరికీ నమస్కారం. మాది మూడెకరాల కూరగాయల తోట. గోంగూర, తోటకూర, మెంతికూర, బెండ, వంకాయ, దోసకాయ పండిస్తాం. శనివారం సంతలో కొంత, న్యూజెర్సీ వైపు మనవాళ్ళ ఇళ్ళకి కొంత వెళ్తుంది. విత్తనం, ఎరువు, అమ్మకం అన్నీ ఒక దారిన పడ్డాయి. కలుపు ఒక్కటే లొంగడం లేదు. చేత్తో తోసే వీల్ హోతో ఎకరం దాకా నెట్టుకొచ్చాం గానీ మూడెకరాలకి అది చాలదు. జూన్‌లో వరసగా వానలు పడితే మెంతికూర ఏదో గడ్డి ఏదో వంగి చూస్తే తప్ప తెలియదు. కలుపు మందు కొట్టే ఉద్దేశం లేదు. మా దగ్గర కొనేవాళ్ళు వచ్చేదే ఆకు కోసం.

చుట్టుపక్కల రెండు పాత ట్రాక్టర్లు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి 1949 అల్లిస్-చామర్స్ జి, రెండోది 1952 ఫార్మాల్ కబ్. కబ్‌కి చెబుతున్న ధరకి జి రెట్టింపు పైనే. రెండింటికీ పొట్ట కింద కలుపు గీకే కల్టివేటర్ ఉంది. డెబ్భై ఏళ్ళు దాటిన బండి మీద డబ్బు పెట్టడం తెలివైన పనేనా? పెడితే దేని మీద పెట్టాలి? వాడినవాళ్ళు చెప్పండి.

పాత_ఇనుము | ఒహాయో

అమ్మా, రెండూ మంచి బళ్ళే. కానీ రెండింటి తీరూ వేరు.

జి ట్రాక్టర్లు 1948 నుంచి 1955 దాకా అలబామాలోని గ్యాడ్స్‌డెన్‌లో తయారయ్యాయి. మొత్తం సుమారు 30 వేలు మాత్రమే. దాని ఇంజను నడిపేవాడి వీపు వెనక ఉంటుంది. ముందు వైపు రెండు గొట్టాల ఫ్రేము, చివర ముందు చక్రాలు, మధ్యలో ఏమీ ఉండదు. సీట్లో కూర్చుని కిందకి చూస్తే మీ పాదాల ముందే సాలు, మొక్క, బ్లేడు మూడూ కనిపిస్తాయి. కాంటినెంటల్ వాళ్ళ నాలుగు సిలిండర్ల చిన్న ఇంజను, 10 హార్స్‌పవర్ దరిదాపు. మామూలు మూడు గేర్లు కాక అతి నిదానం గేరు ఇంకొకటి ఉంది. ఆ గేర్లో థ్రాటిల్ తగ్గిస్తే గంటకి మైలు కూడా పోదు. మొలిచిన వారానికే మెంతికూర పక్కన నడపాలంటే ఆ నిదానమే కావాలి.

కబ్ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళది. కెంటకీలోని లూయీవిల్ ఫ్యాక్టరీలో 1947లో మొదలై 1979 దాకా వచ్చింది, 2 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే స్పేర్ పార్టులు సులువుగా దొరుకుతాయి, ధరా తక్కువే. ఇంజను ఎడమకి, సీటు కుడికి జరిపి కట్టారు, ముందున్న సాలు కనిపించాలని. ఒక సాలు పంటకి దీన్ని మించింది లేదు. ఇబ్బందల్లా మొదటి గేరు పూర్తి థ్రాటిల్‌లో గంటకి 2 మైళ్ళు దాటడం. ఇంజను వేగం తగ్గించి నడపాల్సిందే.

మీ మడి కొలతలు చెప్పండి. అవి తెలియకుండా ఏది కొనమని చెప్పినా ఊహే అవుతుంది.

నల్లరేగడి | గుంటూరు జిల్లా

అమ్మా, మీ మాటల మధ్య నాలాంటివాడు అడగొచ్చో లేదో. మా వైపు పత్తిలో, మిరపలో మినీ ట్రాక్టరుకి సన్న టైర్లేసి వెనక గుంటక కట్టి తోలతాం. ఎద్దులు తగ్గిపోయాక అదే దిక్కు. అక్కడ కొత్త మినీ ట్రాక్టర్లు దొరుకుతాయి కదా, డెబ్భై ఏళ్ళ నాటి బండికే అంత గిరాకీ ఎందుకు?

మిడ్‌వెస్ట్_మడి | విస్కాన్సిన్

నల్లరేగడి గారూ, అడగాల్సిన ప్రశ్న అదే. నేను ఇక్కడి ఆర్గానిక్ కూరగాయల ఫారంలో సీజన్ల తరబడి కల్టివేషన్ ట్రాక్టరు మీద కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

పత్తిలో సాలుకీ సాలుకీ మధ్య మూడు నాలుగు అడుగులు ఉంటుంది. వెనక గుంటక అటూ ఇటూ కాస్త ఊగినా మొక్కకి తగలదు. ఇక్కడ ఆకుకూరల సాళ్ళ మధ్య 15 అంగుళాలే. బ్లేడు మొక్కకి రెండంగుళాల దూరంలో పోవాలి. వెనక కట్టిన పరికరంతో చిక్కేమిటంటే, స్టీరింగు ఎడమకి తిప్పిన క్షణంలో వెనకనున్న బ్లేడు ముందు కుడికి పోతుంది. పైగా నడిపేవాడు మెడ వెనక్కి తిప్పుకొని చూడాలి. మెడ తిప్పి చూసేసరికే నాలుగడుగుల గోంగూర తెగిపోయి ఉంటుంది. పొట్ట కింద, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నడుమ కట్టినదైతే మీరు ఎటు తిప్పితే అటే జరుగుతుంది, అదీ కళ్ళ ముందే. ఈనాటి కొత్త చిన్న ట్రాక్టర్లలో పొట్ట కింద గడ్డి కోసే డెక్ పెట్టారు గానీ, కిందకి చూసే వీలు లేదు.

ఇక రెండో కారణం. నా లెక్కలో అదే అసలు కారణం. పాత బండి చవక కాబట్టి ఒక్కో పరికరానికి ఒక్కో బండి ఉంచుకోవచ్చు. మేము పనిచేసిన చోట మూడు బళ్ళు ఉండేవి. ఒకదానికి బుట్టల వీడర్, ఒకదానికి స్వీపులు (పైమట్టి కింద గడ్డిని కోసే వెడల్పు బ్లేడులు), ఒకదానికి మట్టి ఎగదోసే డిస్కులు. ఒకసారి అమర్చాక సీజనంతా విప్పేవాళ్ళం కాదు. కలుపు పనిలో టైమంతా తినేది విప్పడం, బిగించడం, మళ్ళీ కొలతలు సరిచేయడం. ఒకే మంచి ట్రాక్టరు ఉన్నవాడు "ఇప్పుడు ఇది విప్పి అది బిగించాలా" అనుకుని రేపటికి వాయిదా వేస్తాడు. ఆ రాత్రి వాన పడుతుంది. ఇంకో మూడు రోజులకి గానీ చేలోకి దిగలేడు. అప్పటికి కలుపు వేరు పట్టేసి ఉంటుంది. బండి సిద్ధంగా ఉంటే మబ్బు పట్టకముందే అరగంటలో ఒక మడి అయిపోతుంది.

నల్లరేగడి | గుంటూరు జిల్లా

అర్థమైంది సార్. మా నాన్న హయాంలో కూడా గుంటకలు రెండు రకాలు చావట్లో ఉండేవి. వెడల్పుది వేరు, సన్నది వేరు. ఒకదాన్నే సరిచేసుకుంటూ కూర్చునేవాళ్ళు కాదు.

గోంగూర_తోట | బక్స్ కౌంటీ, పెన్సిల్వేనియా

కొలతలు ఇవిగో. ఆకుకూరల మడి మధ్య నుంచి పక్క మడి మధ్యకి 60 అంగుళాలు. మడికి మూడు సాళ్ళు, సాళ్ళ మధ్య 15 అంగుళాలు. బెండ, వంకాయ మడికి ఒకే సాలు. దోస పాకించేస్తాం. నేల తేలికపాటి లోమ్ (ఇసుక, బంకమట్టి కలగలిసిన గుల్ల నేల), అక్కడక్కడా గులకరాళ్ళు.

పాత_ఇనుము | ఒహాయో

అయితే సగం తీర్పు వచ్చేసినట్టే. 60 అంగుళాల మడికి చక్రాలు కూడా మధ్య నుంచి మధ్యకి 60 ఉండాలి. జి వెనక చక్రాలని తిప్పి బిగించుకుంటూ 36 నుంచి 64 అంగుళాల దాకా మార్చుకోవచ్చు. కబ్ 56 దగ్గర ఆగిపోతుంది. ఆ నాలుగంగుళాల కోసం మడులన్నీ ఇరుకు చేసుకోవాలి. ఫార్మాల్ కావాలంటే సూపర్ ఏ గానీ, తర్వాత వచ్చిన 140 గానీ చూడండి. సీటు పక్కకి జరిపిన అదే పద్ధతి, కాకపోతే బండి పెద్దది, చక్రాలు 68 దాకా వెళ్తాయి.

మూడు సాళ్ళ మడికి జియే సరైనది. మధ్య సాలు సరిగ్గా మీ కాళ్ళ మధ్య కనిపిస్తుంది. కబ్ మీద కుడివైపు కనిపించినంత బాగా ఎడమవైపు కనిపించదు, ఇంజను అడ్డం.

ఓరుగల్లు_సాగు | వరంగల్

అక్కా, కొత్తగా ఇలాంటివి ఎవరూ చేయట్లేదా? మన దగ్గర స్వరాజ్ వాళ్ళు 2021లో కోడ్ అని 11 హార్స్‌పవర్ దరిదాపు సన్న ట్రాక్టరు దించారు, కూరగాయల సాళ్ళ మధ్య తిరగడానికే. మా మండలంలో టమాటా రైతులు పవర్ వీడర్ తోనే కానిస్తున్నారు గానీ చేతులకి ఆ అదురు మామూలుగా ఉండదు. సాయంత్రానికి గ్లాసు పట్టుకోలేరు. ఎలక్ట్రిక్ సంగతి కూడా తెలిస్తే చెప్పండి.

మిడ్‌వెస్ట్_మడి | విస్కాన్సిన్

చేస్తున్నారు తమ్ముడూ. ఒహాయోలో టిల్మోర్ అనే కంపెనీ జి పద్ధతిలోనే వెనక ఇంజను, ముందు ఖాళీ ఫ్రేముతో కొత్త ట్రాక్టరు అమ్ముతోంది. బాగుంటుంది గానీ ఒక కొత్త బండి డబ్బుతో పాతవి రెండు మూడు వస్తాయి. డబ్బు ఉండి, రిపేర్లు చేతకానివాళ్ళకి అదే సరి.

ఎలక్ట్రిక్ అంటే జియే ముందు వరసలో ఉంది. ఇంజను వెనక విడిగా ఉంది కాబట్టి దాన్ని విప్పేసి, గేర్‌బాక్సుకి మోటారు బిగించి, బ్యాటరీలు పెట్టుకోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రం న్యూ పాల్జ్‌లో ఒక కూరగాయల ఫారంవాళ్ళు 2000ల మొదట్లో సేర్ అనే ప్రభుత్వ సుస్థిర వ్యవసాయ కార్యక్రమం గ్రాంటుతో ఈ పని చేసి, ఎలా చేయాలో అందరికీ పంచారు. తర్వాత చాలామంది అదే దారి పట్టారు. నేను ఒకటి నడిపి చూశాను. శబ్దం లేదు కాబట్టి స్వీపుకి రాయి తగిలినా, గడ్డి చుట్టుకున్నా చెవికి తెలిసిపోతుంది. మొక్క మీద అనుమానం వస్తే అంగుళం అంగుళం కదపొచ్చు. కలుపు పనికి శక్తి పెద్దగా అక్కర్లేదు, పైపై మట్టి గీకడమే కదా.

మిట్టనేల | డాలస్ దగ్గర, టెక్సాస్

ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. ఈ పాత బళ్ళకి బోల్తాపడినప్పుడు కాపాడే ఇనుప చట్రం ఉండదు. అమెరికాలో కొత్త ట్రాక్టర్లకి అది మామూలుగా బిగించి ఇవ్వడం 1985 నుంచే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చదును నేల మీద, మడుల్లోనే వాడండి. వాలులో, కాలవ గట్టున, రోడ్డు మీద వద్దు. చట్రం, సీటు బెల్టు బిగించడానికి రాయితీ ఇచ్చే కార్యక్రమం ఉంది. 2006లో న్యూయార్క్‌లో మొదలై తర్వాత వేరే రాష్ట్రాలకీ వచ్చింది. మీ మోడలుకి చట్రం దొరుకుతుందో లేదో కనుక్కుని, దొరికితే తప్పకుండా వేయించండి. పిల్లల్ని బండి ఎక్కించుకోవద్దు, ఫొటో కోసం కూడా.

ఇంకొకటి. బ్యాటరీ దిగిపోయిన రోజు క్రాంక్ హ్యాండిల్ తిప్పాల్సి వస్తుంది. అప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళతో పాటు ఒకే పక్కన ఉంచాలి, పిడికిలిలా చుట్టకూడదు. హ్యాండిల్‌ని కింద నుంచి పైకి లాగాలే గానీ పై నుంచి కిందకి నెట్టకూడదు. ఇంజను ఎదురు తన్నిందంటే హ్యాండిల్ వెనక్కి కొడుతుంది. చుట్టి పట్టుకున్న బొటనవేలు, కిందకి నెడుతున్న మణికట్టు విరుగుతాయి. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకున్నాకే హ్యాండిల్ దగ్గరికి వెళ్ళండి.

నల్లరేగడి | గుంటూరు జిల్లా

ఆ చివరి మాట బంగారం. పాత ఆయిలింజన్లు తిప్పిన మా పెద్దలూ ఇదే చెప్పేవాళ్ళు.

బండి మీరు చూసుకోండి గానీ అమ్మా, నేల సంగతి నేను చెబుతా. ఏ బండైనా పదును తప్పితే పనికిరాదు. తడి ఎక్కువుంటే గడ్డి తెగదు, మట్టితో పాటు దొర్లి మళ్ళీ నాటుకుంటుంది. మరీ ఆరిపోతే పెళ్ళలు లేచి మొక్క మీద పడతాయి. పైన అంగుళం పొడి, కింద చెమ్మ ఉన్నప్పుడు గుంటక తోలితే ఆ ఎండకే కలుపు వాడిపోతుంది. మట్టి గుప్పిట్లోకి తీసుకుని నొక్కి వదిలితే ఉండ విరిగి రాలాలి. పొద్దున తోలండి, మధ్యాహ్నం ఎండ మిగతా పని చూసుకుంటుంది.

రెండోది. మేము పత్తికి అచ్చు తోలతాం. నిలువు గీతలు, అడ్డం గీతలు రెండూ గీసి, అవి కలిసే చోట విత్తనం పెడతాం. అప్పుడు గుంటక నిలువుగానూ పోతుంది, అడ్డంగానూ పోతుంది. మొక్కకీ మొక్కకీ మధ్య కలుపు కూడా పోతుంది, చేత్తో తీయాల్సింది మొదట్లో గుప్పెడే. మీ వంకాయకి అట్లా నాటితే?

మిడ్‌వెస్ట్_మడి | విస్కాన్సిన్

చాలా మంచి మాట. ఈ దేశంలో కూడా కలుపు మందులు రాకముందు మొక్కజొన్నని సరిగ్గా ఇలాగే వేసేవాళ్ళు. పొలం పొడవునా ముడులు వేసిన తీగ కట్టి, ముడి తగిలినప్పుడల్లా విత్తనం పడేలా యంత్రం పెట్టేవాళ్ళు. తర్వాత అటూ ఇటూ రెండు వైపులా కల్టివేటర్ తోలేవాళ్ళు. మందులు వచ్చాక ఆ పద్ధతి మూలపడింది. మందు వద్దనుకునేవాళ్ళు మళ్ళీ దాని దగ్గరికి రావడంలో అర్థం ఉంది. వంకాయ నారుకి 36 అంగుళాల చదరం గీసి నాటండి, చేలో జి రెండు వైపులా తిరుగుతుంది. మడులు గట్టుగా ఎత్తకుండా చదునుగా ఉంచాలి మరి.

ఆకుకూరల సంగతి వేరు. అక్కడ అదను గుర్తుపెట్టుకోవాలి. కలుపు పైకి కనిపించకముందే కొట్టాలి. వేలితో పైమట్టి గీకి చూడండి, తెల్ల దారాల్లా మొలకలు కనిపిస్తాయి. ఆకు ఇంకా పచ్చబడి ఉండదు. ఆ దశలో కదిలిస్తే చాలు, చచ్చిపోతాయి. నాలుగు ఆకులు వేశాక అదే మొక్కని నరకాల్సి వస్తుంది. "ఇంకా కలుపు లేదు కదా" అనిపించే రోజే ట్రాక్టరు తీయాల్సిన రోజు.

లేత మొక్కల పక్కకి బుట్టల వీడర్ మంచిది. మిషిగన్‌లో బడింగ్ అనే కంపెనీ దీనికి పేరు. తీగలతో అల్లిన బుట్టలు రెండు వరసలు దొర్లుతుంటాయి. ముందు వరసకి గొలుసు కట్టి వెనక వరసని ఇంకా వేగంగా తిప్పుతారు. ముందుది మట్టి వదులు చేస్తే వెనకది చిదిమి విసురుతుంది. మట్టిని పక్కకి నెట్టదు కాబట్టి రెండాకుల మెంతికూర కూడా పూడుకుపోదు. అయితే గులకరాళ్ళు బుట్టల్లో ఇరుక్కుంటాయి. మీ నేలలో రాళ్ళున్న మడులకి స్వీపులే వాడుకోండి.

గోంగూర, బెండ జానెడు ఎదిగి గట్టిపడ్డాక రబ్బరు వేళ్ళ వీడర్ కట్టొచ్చు. అది సాలులోకే వచ్చి మొక్కల మధ్య గడ్డిని దువ్వి తీస్తుంది. మొక్కని చేత్తో కాస్త లాగి చూడండి. ఊడి రాకుండా నిలబడితేనే దాన్ని దించాలి.

ఒక హెచ్చరిక. గంగవాయిలి కూర మటుకు తెగిన ముక్కలు కూడా మళ్ళీ వేరు పడతాయి. మబ్బు రోజున దాని జోలికి పోకండి.

గోంగూర_తోట | బక్స్ కౌంటీ, పెన్సిల్వేనియా

గంగవాయిలి కూర మేము కట్టలు కట్టి అమ్ముతాం! ఇక్కడి రైతులు పీకి పారేసేది మా దగ్గర పప్పులోకి అడిగి మరీ తీసుకెళ్తారు. కానీ మెంతికూర మడిలో వచ్చినప్పుడు మాత్రం అది మాకూ కలుపే.

అచ్చు మాట మా ఆయనకి బాగా నచ్చింది. వాళ్ళ నాన్నగారు పత్తికి అచ్చు తోలడం చిన్నప్పుడు చూశారట. వంకాయకి ఈసారి అదే చేస్తాం.

ఈ వారం జి చూడ్డానికి వెళ్తున్నాం. ఏమేం చూడాలి?

పాత_ఇనుము | ఒహాయో

అమ్మా, ఈ వరసలో చూడండి.

వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, చల్లని ఇంజను మొండికేస్తుందని దాచినట్టే. ఆ రోజు ఇంకేం చూడక్కర్లేదు, ఇంకోసారి వస్తామని చెప్పండి.

తర్వాత గేర్‌బాక్సు. పాత బళ్ళు ఆరుబయట ఏళ్ళ తరబడి నిలబడితే గేరు రాడ్ తొడుగు చిరిగి వాననీళ్ళు లోపలికి దిగుతాయి. నీళ్ళు నూనె కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. అమ్మేవాడి అనుమతితో కింద డ్రెయిన్ బోల్టు ఒక్క చుట్టు వదులు చేయండి. ముందు నూనె కారితే సరే. నీళ్ళు వస్తే లోపల గేర్లు, బేరింగులు తుప్పు పట్టి ఉండొచ్చు, చలికాలంలో గడ్డకట్టి పెట్టె పగిలి కూడా ఉండొచ్చు. తెల్లగా మజ్జిగలా వచ్చినా అనుమానించాల్సిందే.

మూడోది స్టీరింగు. కొనేవాళ్ళంతా ఇంజను శబ్దం వింటూ నిలబడతారు, కలుపు బండికి నేను ముందు స్టీరింగే చూస్తాను. చక్రాన్ని రెండు వేళ్ళతో అటూ ఇటూ ఆడించండి. ముందు టైర్లు కదలకుండా చేతిలో ఎంత ఆట ఉందో గమనించండి. ముందు టైరు పట్టుకుని కూడా ఊపి చూడండి. అక్కడ వదులుంటే సాలు పక్కన రెండంగుళాల్లో పోవడం మీవల్ల కాదు. ఇంజను పొగ వేసినా కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు, స్టీరింగు వదులుంటే మొదటి రోజే పంట తెగుతుంది. రిపేరు మరీ కష్టమేం కాదు గానీ ధరలో తగ్గించమని అడగండి.

కరెంటు వైపు 6 వోల్టులే ఉంటే స్టార్టరు కేబుళ్ళ మందం చూడండి. 12 వోల్టుల కార్లకి వాడే సన్న కేబుళ్ళు వేసి ఉంటే అది నీరసంగా తిరుగుతుంది. జనం మోటారు పోయిందనుకుంటారు. మందం కేబులు వేస్తే చాలు. ఇక్కడి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది కాబట్టి శీతాకాలం మూల పెట్టేముందు కార్బురేటర్ ఖాళీ చేయాలి, లేకపోతే వసంతంలో అందులో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు (జెట్లు) మూసుకుపోతాయి.

కల్టివేటర్ సామాను మొత్తం ఉందో లేదో లెక్కపెట్టుకోండి. పైకెత్తే లివరు, టూల్‌బార్లు (బ్లేడులు బిగించే అడ్డ కడ్డీలు), క్లాంపులు. జి ధరలో పెద్ద భాగం వాటిదే. ఒట్టి ట్రాక్టరు కొని అవి విడిగా వెతుక్కోవడం ఖర్చు.

గోంగూర_తోట | బక్స్ కౌంటీ, పెన్సిల్వేనియా

జి కొన్నాం! ఇంజను చల్లగానే ఉంది, రెండో తిప్పుకే అందుకుంది. డ్రెయిన్ బోల్టు దగ్గర శుభ్రమైన నూనె. స్టీరింగులో ఆట కొంచెం ఎక్కువే ఉంది, అది చూపించి ధర తగ్గించుకున్నాం. సామాను అంతా ఉంది. కబ్ సంగతి కూడా ఆలోచిస్తున్నాం. ఒంటి సాలు బెండకి మట్టి ఎగదోసే డిస్కులతో అట్టే ఉంచేసేలా, మిడ్‌వెస్ట్ గారు చెప్పినట్టు.

ఆఖరి ప్రశ్న. మూడు సాళ్ళకి స్వీపులు అమర్చడం చేలోనే చేయాలా?

మిడ్‌వెస్ట్_మడి | విస్కాన్సిన్

శుభాకాంక్షలు! చేలో వద్దు. గ్యారేజీ కాంక్రీటు మీద చేయండి. బండిని చదును చోట నిలిపి, రెండు వెనక చక్రాల మధ్య సరిగ్గా నడిమి గీత సుద్దతో గీయండి. దానికి అటు 15, ఇటు 15 అంగుళాల్లో ఇంకో రెండు గీతలు. అవే మీ మూడు సాళ్ళు. నాలుగు టైర్ల కింద అంగుళం మందం చెక్కలు పెట్టి, స్వీపులు నేలకి పూర్తిగా ఆనేలా దించి బిగించండి. అప్పుడు చేలో అవి అంగుళం లోతున పోతాయి. అంతకన్నా లోతు పోతే అడుగున నిద్రపోతున్న విత్తనాలు పైకొస్తాయి. గీతకి అటూ ఇటూ రెండంగుళాలు వదిలి మొదలుపెట్టండి, చెయ్యి అలవాటయ్యాక దగ్గర చేసుకోవచ్చు.

విత్తనం వేసే సీడర్‌ని కూడా అదే గీతల మీద పెట్టి సరిచూసుకోండి. సీడర్ 15 అని చెప్పి 14 వేస్తుంటే స్వీపు ఎంత బాగా అమర్చినా ఒక సాలు పోతుంది. వీలైతే సీడర్లని జి టూల్‌బార్‌కే కట్టి విత్తండి. అప్పుడు విత్తిన దారీ, కలుపు తీసే దారీ ఒకటే అవుతాయి.

నల్లరేగడి | గుంటూరు జిల్లా

వంకాయకి అచ్చు తోలిన రోజు ఫొటో పెట్టమ్మా. అడ్డం గీతలు వంకర పోకుండా గట్టు చివర రెండు గుంజలు పాతి తాడు కట్టుకోండి. మొదటి గీత తిన్నగా వస్తే మిగతావన్నీ దాని వెంట వస్తాయి.